రంగు వదిలే గ్లిట్టర్‌ను గోళ్లకని అమ్మడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గ్లిట్టర్ నెయిల్ ఆర్ట్ కిట్‌లో లోపం, డబ్బు వాపసు, లేబుల్ సవరణ గురించి

నమస్కారం.

గత నెల ఆన్‌లైన్‌లో మీ కిట్ కొన్నాను. డబ్బా మీద "నెయిల్ పాలిష్‌లో కలుపుకోవచ్చు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మాట చూసే కొన్నాను.

ఐదారేళ్లుగా ఇంట్లోనే నెయిల్ ఆర్ట్ వేస్తున్నాను, నాకిది కొత్త కాదు. ఈసారి మా చెల్లి గోళ్లకు తెల్ల పాలిష్ మీద మీ కిట్‌లోని ఎర్ర గ్లిట్టర్ వేశాను. గోరు కొసన ఒత్తుగా, మొదలుకు వచ్చేసరికి పలచగా ఉండాలి. ముందు సన్న పొడి అద్ది, దాని మీద మిల్లీమీటరు సైజు ఆరుపలకల ముక్కల్ని తడిపిన డాటింగ్ టూల్ (చుక్కలు పెట్టే సన్న పుల్ల) మొనతో ఒక్కొక్కటే ఎత్తి పెట్టాను. ఒక ముక్క పక్కకు జరిగితే వరసంతా చెడుతుంది, మళ్లీ మొదటి నుంచి సర్దాలి. పది వేళ్లకు మూడు గంటలు పట్టింది. పాపం, చెల్లి అంతసేపూ కదలకుండా కూర్చుంది.

టాప్ కోట్ (అన్నిటికంటే పైన వేసే రంగులేని పాలిష్) వేసిన కాసేపటికే ప్రతి ఎర్ర ముక్క చుట్టూ గులాబీ రంగు మరక మొదలైంది. తెల్లారేసరికి తెల్ల పాలిషంతా గులాబీ అయిపోయింది. ముక్కలేమో రంగు పోయి వెండిలా మిగిలాయి. కొన్నింటి అంచులు వంకర తిరిగి టాప్ కోట్‌లోంచి పొడుచుకొచ్చాయి, దువ్వుకుంటుంటే జుట్టు వాటికి పట్టుకుంటోంది.

మీకు రాస్తే "టాప్ కోట్ మందంగా వేసి ఉంటారు" అని జవాబిచ్చారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. కోటు మందమైతే ఆరడం ఆలస్యమవుతుంది, బుడగలు రావచ్చు. అంతేగానీ గ్లిట్టర్ రంగు కారదు. అందుకే రెండు గాజు గిన్నెల్లో పాలిష్ తుడిచే అసిటోన్ రిమూవర్ పోసి, ఒకదానిలో మీ ఎర్ర గ్లిట్టర్, రెండోదానిలో నా దగ్గరున్న పాత ఎర్ర గ్లిట్టర్ వేసి రాత్రంతా మూత పెట్టి ఉంచాను. పాతది చెక్కుచెదరలేదు. మీ గిన్నెలో రిమూవర్ ఎర్రగా మారింది, అడుగున వెండి ముక్కలు మిగిలాయి.

గ్లిట్టర్ అంటే సాధారణంగా పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్, దాని మీద అల్యూమినియం పూత, ఆపైన రంగు. నెయిల్ పాలిష్‌లో ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి సాల్వెంట్లు (కరిగించే ద్రవాలు) ఉంటాయి. వాటికి తట్టుకునేలా తయారైన గ్లిట్టర్ వేరు, కాగితం మీద జిగురుతో అంటించే గ్లిట్టర్ వేరు. మీరు రెండోదాన్ని గోళ్లకని అమ్మారని నా నమ్మకం. డబ్బా మీద ఏ పదార్థాలతో చేశారో ఒక్క మాట కూడా లేదు. ఇలాంటి ముక్క కంట్లో పడితే కంటి పొర గీరుకుపోవచ్చు, అందుకే నా టెన్షన్ గోళ్ల గురించి మాత్రమే కాదు.

అసిటోన్‌లో తడిపిన దూదిని గోళ్ల మీద పెట్టి, ఫాయిల్ చుట్టి పావుగంట ఉంచాక గ్లిట్టర్ ఊడింది. గులాబీ మరక మాత్రం గోళ్లలోకి దిగిపోయింది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్లూ చెల్లి ఆ మరక దాచుకుంటూ తిరగాలి.

కిట్‌లోని లైనర్ బ్రష్ (సన్న గీతలు గీసేది) వెంట్రుకలు రాలుతున్నాయి, దాన్ని పెద్దగా పట్టించుకోను. గ్లిట్టర్ విషయం వదలను. నా డబ్బు వాపసు ఇవ్వండి. ఈ గ్లిట్టర్‌లో ఏ రంగు, ఏ ఫిల్మ్ వాడారో రాతపూర్వకంగా తెలపండి. సాల్వెంట్‌ను తట్టుకునే గ్లిట్టర్ పెట్టేవరకు "పాలిష్‌లో కలుపుకోవచ్చు" అనే మాట డబ్బా మీంచి తీసేయండి. ఇదే బ్యాచ్ కొన్నవాళ్లకు కూడా చెప్పండి, వాళ్లూ ఎవరి గోళ్లకో గంటలు గంటలు కూర్చుని వేస్తుంటారు.

డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబర్, గోళ్లు, రెండు గిన్నెల ఫోటోలు జత చేస్తున్నాను. మిగిలిన గ్లిట్టర్ దాచి ఉంచాను, పరీక్షకు అడిగితే పంపుతాను. 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కస్టమర్