ఇంటి లోను లెక్క తెలుగులో ఇవ్వండి, మాకు నిద్ర పడుతుంది

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మా మిల్లులో నాతో పాటు పనిచేసే ఒకతను మధ్యాహ్నం క్యారియర్ తెరిచి రెండు ముద్దలు కూడా తినకుండానే మూసేశాడు. ఏందబ్బా అంటే చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి చెప్పాడు, ఇంటి లోను కంతు కట్టడానికి బీరువాలోని గాజులు తాకట్టు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చాడంట, అది కూడా ఇది మూడోసారి, వాళ్లావిడకి ఇంకా తెలియదు. అతన్ని చూస్తుంటే మూడేళ్ల కిందట నేనెట్లా ఉన్నానో గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. అందుకే ఈ ఉత్తరం. వడ్డీ రేటు పెరిగితే మీరు వార్త వేస్తారు, తగ్గితే వేస్తారు, కానీ ఆ వార్త చదివి రాత్రంతా నిద్ర పట్టని మనుషుల గురించి ఎక్కడా చదివిన గుర్తు లేదు నాకు.

నేను నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను, మా ఆవిడ ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. 2021 జూన్‌లో బుజబుజ నెల్లూరు వైపు 18 అంకణాల్లో కట్టిన ఇల్లు కొన్నాం. లోను 20 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 7 శాతం, నెలకు 15,506 రూపాయలు. ఇద్దరి జీతాలూ కలిస్తే మోయగలిగిన బరువే అది. మా అమ్మ అంతకు ముందెప్పుడో స్వర్ణాల చెరువులో సొంతిల్లు కావాలని ఇంటి రొట్టె పట్టుకుని ఉండింది, కోరిక తీరింది కాబట్టి 2022 రొట్టెల పండుగకి అందరం బారాషహీద్ దర్గాకి వెళ్లాం, ఈసారి రొట్టె ఇవ్వడానికి. అమ్మ నీళ్లలో దిగి "ఇంటి రొట్టె, ఇంటి రొట్టె" అని పిలుస్తుంటే కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చి కళ్లకద్దుకుని తీసుకున్నారు. అమ్మ ముఖంలో ఆ సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. నేను మాత్రం ఆ పక్కనే మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోన్లో బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుంటున్నాను. జీతం 7న పడుతుంది, కంతు 5న కోసుకుంటారు, ఆ రెండు రోజులకీ ప్రతి నెలా ఎవరో ఒకరి దగ్గర చేబదులు అడగాలి.

అప్పటికే వడ్డీలు పెరగడం మొదలైంది. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే అది బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద వడ్డీ, 2023 ఫిబ్రవరికి 6.50 అయింది, నా లోను ఆ రేటుకే ముడిపడి ఉంది కాబట్టి నా వడ్డీ 7 నుంచి 9.5కి పోయింది. కానీ కంతు మారలేదు, అదే 15,506. కంతు పెరగలేదు కదా పరవాలేదు అని పగలు అనుకునేవాణ్ణి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, ఛాతీ మీద ఏదో పెట్టినట్టు ఉండేది, లేచి వరండాలో కూర్చునేవాణ్ణి. అమ్మ లేచి వచ్చి "ఏందిరా అబ్బయ్యా, నిద్ర పట్టడంలా?" అంటే గ్యాస్ అని చెప్పేవాణ్ణి. ఒకసారి గుండెపోటేమో అని భయపడి ఈసీజీ కూడా తీయించుకున్నాను, ఏమీ లేదన్నారు. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లన్నీ ఇంగ్లీషులో ఉండేవి, టెన్యూర్ అని, రివైజ్డ్ అని ఏదో ఉండేది, చదివితే ఏం బయటపడుతుందో అని చదవకుండానే తీసేసేవాణ్ణి. ఎవరికి చెప్పాలి? సొంతిల్లు ఉన్నవాడికి బాధేంది అంటారు. అద్దె ఇంట్లో ఉన్న తమ్ముడి దగ్గర చెప్పుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది.

2023 మార్చిలో మా ఆవిడకి తెలిసిపోయింది. మిల్లులో నేను అడ్వాన్స్ తీసుకున్న సంగతి ఎవరో అన్నారు. నేను అనుకున్నది అప్పు గురించి అరుస్తుందని. ఆమె అప్పు గురించి ఒక్క మాట అనలేదు. "ఆ కాగితాల మీద నా సంతకం కూడా ఉంది కదా, మరి నాకు చెప్పకుండా మీరొక్కరే ఎందుకు మోస్తున్నారు?" అని మాత్రం గట్టిగా అడిగింది, మర్నాడే సెలవు పెట్టి నాతో పాటు బ్యాంకుకి వచ్చింది. ఇంటి లోను తీసుకుని భార్యకో భర్తకో చెప్పకుండా లోపల కుమిలేవాళ్లు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారో, వాళ్లందరూ ముందు ఈ ఒక్క పని చేయాలని నేను చేతులెత్తి అడుగుతున్నాను.

బ్యాంకులో ఒక ఆఫీసరమ్మ, వయసులో చిన్నదే, కంప్యూటర్ మా వైపు తిప్పి లెక్క చూపించింది. ఇంకా బాకీ 19.37 లక్షలు. నేను కట్టే 15,506లో 15,335 వడ్డీకే పోతోంది, అసలుకి చేరేది 171 రూపాయలు. ఇదే కంతు మీద వదిలేస్తే తీరడానికి ఇంకా 47 ఏళ్లు పడుతుంది. నాకు కాళ్లలో సత్తువ పోయింది. మా ఆవిడే అడిగింది, మొదట అనుకున్న గడువుకే తీరాలంటే నెలకు ఎంత కట్టాలమ్మా అని. 18,652 అంది ఆమె. అంటే 3,146 ఎక్కువ. నమ్ముతారో లేదో, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టింది. ఏడాదిగా నేను భయపడిన దానికి అంకె లేదు, అది ఎంతైనా కావచ్చు, ఇల్లే పోవచ్చు. ఇప్పుడు దానికి అంకె వచ్చింది. మా ఆవిడ నెలకు రెండు ఆదివారాలు అదనపు డ్యూటీ ఒప్పుకుంది, నేను నా స్కూటర్ కంతు అయిపోగానే ఆ డబ్బు ఇటు మళ్లించాను. అర్జీ పెడితే కంతు తేదీ కూడా 10కి మార్చారు, ఈ సంగతి తెలిసి ఉంటే ఏడాది పాటు చేబదుళ్లు అడిగే పనే ఉండేది కాదు.

ఆఫీసరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, చేతిలో 50 వేలు ఉంటే ఇప్పుడే అసలుకి కట్టండి, 14 నెలలు తగ్గుతాయి అని. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మాలాగా రేటు మారుతూ ఉండే ఇంటి లోనుకి ముందుగా కట్టినందుకు మన దగ్గర జరిమానా తీసుకోకూడదు కూడా. కానీ మేం అప్పుడు అలా చేయలేదు. మూడు నెలల కంతుకి సరిపడా 56 వేలు పోగయ్యేదాకా అసలు వైపు చూడకూడదు అనుకున్నాం, అది వేరే ఖాతాలో ఉంది, దాన్ని ముట్టుకోం. వడ్డీ లెక్కలో ఇది నష్టమే అని నాకు తెలుసు, మిల్లు ఖాతాలు రాసేవాణ్ణి. కానీ రాత్రి మూడింటికి లేచే మనిషికి 14 నెలలు తగ్గడం కన్నా ఆ 56 వేలు ఉన్నాయన్న ధైర్యం ముఖ్యం.

మా మిల్లు స్నేహితుడికి నేను వేసి చూపించిన లెక్క ఇదీ. బ్యాంకు వడ్డీ ఏడాదికి 9.5 శాతం ఉన్నా మన లెక్కలో నూటికి నెలకు 79 పైసలు. 79 పైసల అప్పు తీర్చడానికి రెండు రూపాయల అప్పు తెస్తున్నాడు. ఎందుకంటే ఒక్క కంతు తప్పితే ఇల్లు వేలం వేస్తారని అతని భయం. అట్ట వేయరు. కంతు బకాయి 90 రోజులు దాటితేనే మొండి బాకీ కింద రాస్తారు, ఆ తర్వాత తాకట్టు ఆస్తి మీద బ్యాంకులు బాకీ వసూలు చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, అప్పుడు గానీ తర్వాతి మెట్టు లేదు. కంతు తప్పమని నేను చెప్పడం లేదు, తప్పితే సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతామో లేదో చెప్పే అంకె, దెబ్బతింటుంది, జరిమానా కూడా వేస్తారు. కానీ తప్పేటట్టుంటే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే ముందు బ్యాంకు గుమ్మం ఎక్కి చెప్పుకోవాలి. వసూలు వాళ్లు కూడా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది.

ఇక నేను అసలు అడగదలచుకున్నది. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు కంతు పెంచాలా, గడువు పొడిగించాలా, రెండూ కొంత కొంతా చేయాలా అన్నది లోను తీసుకున్న మనిషి ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. మూడు నెలలకొకసారి ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో ఇప్పటిదాకా అసలు ఎంత కట్టాం, వడ్డీ ఎంత కట్టాం, కంతు ఎంత, ఇంకా ఎన్ని కంతులు ఉన్నాయి, వడ్డీ రేటు ఎంత అన్నవి ఉండాలి, పైగా అది తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలి. ఇవన్నీ ఆ ఉత్తర్వులోనే ఉన్నాయి. మాకు వస్తోంది, కాదనను, కానీ ఈమెయిల్‌లో ఇంగ్లీషులో వస్తోంది. నెల్లూరులో ఆటో నడిపి లోను కట్టేవాడికి, కావలిలో టైలరింగ్ చేసి కట్టే ఆమెకి అది తేలిగ్గా అర్థమైనట్టేనా? మా మిల్లుకి వడ్లు తెచ్చే రైతు పుట్టికి 850 కిలోల మీద ఒక్క కిలో ఎక్కువ తూచినా ఊరుకోడు, చీటీ రాసి ఇవ్వమంటాడు, తెలుగులో రాసిస్తాం. అదే రైతు 20 లక్షల లోను గురించి బ్యాంకులో నోరెత్తడు, ఏమడగాలో తెలియదు కాబట్టి. ఒక్క పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలతో, మూడు నెలలకొకసారి ఇంటికి పంపమని జిల్లాలోని బ్యాంకర్లందరినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అడిగినా ఇవ్వకపోతే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు, వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. ఛాతీ పట్టేసినట్టు, నిద్ర లేనట్టు ఉంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం 14416 టెలీ మానస్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, నేను రెండుసార్లు మాట్లాడాను, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రెపో రేటు మూడు విడతల్లో ఒక శాతం తగ్గింది. మా వడ్డీ 8.5కి దిగింది. కంతు తగ్గించవద్దని రాసిచ్చాం, అదే 18,652 కడుతున్నాం, దాంతో 192 నెలలు ఉండాల్సింది 170కి వచ్చింది. ఆ అంకె మా వంటింట్లో క్యాలెండర్ పక్కన రాసి ఉంది, కంతు పోయిన రోజు మా ఆవిడే ఒకటి తీసేసి రాస్తుంది.

మా మిల్లు స్నేహితుడు మొన్న రాత్రి ఇంట్లో చెప్పాడు. గొడవ అయిందంట. సోమవారం నేను సెలవు పెట్టి అతనితో బ్యాంకుకి వెళ్తున్నాను, వాళ్లావిడ కూడా వస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బుజబుజ నెల్లూరు, నెల్లూరు