పాపకు, నీ ఐరన్ క్రిస్టల్స్ గురించి

పాపా, ఎట్లుండావు? మొన్న ఫోన్‌లో "నాన్నా, క్రిస్టల్‌ని అడ్డంగా కొలిచినా నిలువుగా కొలిచినా రెసిస్టెన్స్ ఒకటే వస్తా ఉంది, ఇంక స్ట్రక్చర్ గొడవెందుకు, టీసీ చూసుకుంటే చాలదా" అన్నావే, టీసీ అంటే రెసిస్టెన్స్ పూర్తిగా పోయి సూపర్ కండక్టర్ అయ్యే టెంపరేచర్, అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన. చాలదమ్మా.

2008లో జపాన్‌లో హోసోనో వాళ్ళు లాంథనం ఉన్న ఐరన్ ఆర్సెనైడ్‌లో ఫ్లోరిన్ కలిపి టీసీని 26 కెల్విన్‌కి తెచ్చినారు, అదే ఏడు లాంథనం తీసి సమేరియం పెడితే 55 దాకా పోయింది. ఇనుము పొర అదే కదా, మారిందల్లా పక్కన ఉండే ఆటమ్ సైజు, దాంతో ఇనుము చుట్టూ ఆర్సెనిక్ కోణం మారింది. ఆ కోణం 109.47 డిగ్రీలకి, అంటే నాలుగు ముఖాలూ సమంగా ఉండే టెట్రాహెడ్రన్‌కి దగ్గరయ్యేకొద్దీ టీసీ పెరగడం చాలా కాంపౌండ్లలో కనిపించింది.

ఇంక నీ బేరియం ఐరన్ ఆర్సెనైడ్ సంగతి. చల్లబరిస్తే 140 కెల్విన్ దగ్గర ఆటమ్‌ల చదరం కాస్తా సాగి దాని రెండు భుజాలు ఎ, బి వేరైపోతాయి, తేడా ఒక్క శాతం కూడా ఉండదు. నీకెందుకు కనపడలేదంటే ట్విన్స్ వల్ల, అంటే ఒకే క్రిస్టల్‌లో ఎ, బి దిక్కులు తారుమారైన ముక్కలు కలిసి ఉండటం వల్ల. నగరిలో మగ్గం గుడ్డ చూసినావు కదా, దాన్ని ముక్కలు చేసి ఒకదాన్ని పడుగు వైపు, ఇంకోదాన్ని పేక వైపు తిప్పి కుట్టేస్తే ఏ వైపు లాగినా ఒకటే అనిపిస్తుంది, నీ క్రిస్టల్ లోపల అదే జరుగుతా ఉంది. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో ఫిషర్ గ్రూప్ వాళ్ళు క్రిస్టల్‌ని ఒక దిక్కు నుంచి ఒత్తి పట్టి ట్విన్స్ పోగొట్టి కొలిచినారు. పొట్టిగా ఉండే బి వైపే రెసిస్టెన్స్ ఎక్కువ వచ్చింది! ఆటమ్‌లు దగ్గరగా ఉంటే కరెంట్ సులభంగా పోవాలి కదా మామూలుగా అయితే. ఇంకా విచిత్రం, కోబాల్ట్ కలిపేకొద్దీ ఆ సాగుడు తగ్గుతుంది, రెసిస్టెన్స్ తేడా మాత్రం ముందు పెరిగి 3, 4 శాతం కోబాల్ట్ దగ్గర బి వైపు రెసిస్టెన్స్ ఎ వైపుకి దాదాపు రెండింతలవుతుంది. అంత చిన్న సాగుడుకి అంత తేడా రాదు పాపా, ఎలక్ట్రాన్లే ముందు ఒక పక్కకి ఒరిగి లాటిస్‌ని, అంటే ఆటమ్‌ల అమరికని, లాగుతున్నాయని చాలామంది అనేది ఇందుకే, నాకూ అదే నిజమనిపిస్తుంది.

అందుకని మీ సీనియర్‌ని అడిగి ఒత్తిపట్టే హోల్డర్ ఒకటి చేయించుకో, ఆ సాగుడు మొదలయ్యే టెంపరేచర్‌కి పైనా కిందా, ఎ, బి రెండు వైపులా మళ్ళీ కొలువు. మీ శాంపిల్‌లో కోబాల్ట్ ఎంత శాతం వేసినారో రాత్రికి మెసేజ్ పెట్టు, నేనూ గ్రాఫ్ గీసి చూస్తా.

నాన్న
చిత్తూరు