అరఫాత్ గురించి హాజీలకు తెలుగులో చెప్పించండి

కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హజ్ అంటే అరఫాతే అన్నారు మా ప్రవక్త. మక్కాకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ మైదానంలో, ఇస్లామీ నెల జుల్‌హజ్ 9న మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఉండి దువా (ప్రార్థన) చేసుకోవాలి. హజ్‌లో కొన్ని విధులు తప్పితే పరిహారం ఉంది. అరఫాత్ తప్పితే మాత్రం ఆ ఏడాది హజ్ లేనట్టే.

మన ప్రాంతంలో దూదేకుల, నూర్‌బాషా అనే ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. ఆ ఇళ్ల నుంచి వెళ్లే పెద్దవాళ్ల గురించే నా బాధంతా.

అక్కడి నమీరా మసీదు ముందు భాగం అరఫాత్ హద్దు బయట, ఉరనా లోయలో ఉంటుంది. అక్కడ నమాజు చదివి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటే హజ్ చెల్లదు. బోర్డులైతే ఉన్నాయి. తెలుగు తప్ప మరో అక్షరం రాని ముసలామెకు వాటితో ఏం ఉపయోగం? అరఫాత్‌లోని రహ్మత్ కొండ ఎక్కకపోతే హజ్ పూర్తికాదనుకుని మండుటెండలో ఎక్కేవాళ్లూ ఉన్నారు. అరఫాత్ అంతా నిలిచే చోటేనని ప్రవక్తే చెప్పారు. ఇహ్రాంలో, అంటే హజ్ దీక్షలో, మగవాళ్లు తల కప్పుకోకూడదు కానీ గొడుగు పట్టుకోవచ్చు. ఆ రోజు ఇంటి దగ్గర ఉన్నవాళ్లు రోజా (ఉపవాసం) ఉంటారు, అరఫాత్‌లో ఉన్న హాజీలు ఉండనక్కర్లేదు. ఏళ్ల అలవాటు కొద్దీ అక్కడ కూడా నీళ్లు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

2024 హజ్ సమయంలో మక్కాలో ఎండ 51.8 డిగ్రీలకు చేరింది. 98 మంది భారతీయ హాజీలు చనిపోయారని, వారిలో ఆరుగురు అరఫాత్ రోజునే పోయారని అప్పట్లో విదేశాంగ శాఖ చెప్పింది. వయసు, పాత జబ్బులు వంటివి కారణమన్నారు. అయ్యా, వయసు మళ్లినవాళ్లకూ జబ్బు మనుషులకే కదా ఈ జాగ్రత్తలు ముందుగా చెప్పాల్సింది!

అందుకే అడుగుతున్నాను. హజ్‌కు వెళ్లేముందు ఇచ్చే శిక్షణలో అరఫాత్ కోసం విడిగా ఒక పూట కేటాయించి, తెలుగులో, హద్దుల మ్యాపు చూపిస్తూ చెప్పించండి. కర్నూలు, కడప, గుంటూరు, ఖమ్మం లాంటి ఊళ్లలోనే పెట్టించండి. చదువురాని వాళ్ల కోసం అవే మాటలు ఫోన్‌లో వినేలా ఆడియో ఇవ్వండి. రెండు తెలుగు రాష్ట్రాల హాజీలతో సాయంగా పంపే హజ్ ఇన్‌స్పెక్టర్లు తెలుగు మాట్లాడేవాళ్లయి ఉండాలి. వచ్చే హజ్ శిక్షణ మొదలయ్యేలోపే దీనిపై ఉత్తర్వులు ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
కర్నూలు జిల్లా నుంచి ఒక నూర్‌బాషా