కరువు మంత్రికి ఒక ఉత్తరం

ప్రియమైన మంత్రివర్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. జవాబు రాయలేదని ఈపాటికి బాగా తిట్టుకుని ఉంటావు. క్షమించు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు మామూలే, పెద్దవాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది, కర్నూలు ఎండల గురించి నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మిగతా కబుర్లు మరో ఉత్తరంలో. ఒక సంగతి చెప్పకుండా ఉండలేక ఇప్పుడు కలం పట్టుకున్నాను. ఫోనులో చెబుదామని మొదలుపెడితే గొంతు సహకరించలేదు.

మనం షెఫీల్డ్‌లో ఉన్నప్పటి 1976 వేసవి గురించే.

ఆసుపత్రి క్వార్టర్స్ వెనక గడ్డి అంతా కొబ్బరిపీచు రంగుకు తిరిగిపోయింది, గుర్తుందా? రోడ్డు మీద తారు మెత్తబడి మన చెప్పులకు అంటుకునేది. జూన్ 23 నుంచి జూలై 7 దాకా వరుసగా పదిహేను రోజులు ఇంగ్లండులో ఎక్కడో ఒకచోట 32 డిగ్రీలు తాకుతూనే ఉందట. జూలై 3న చెల్టెనమ్‌లో 35.9. ఆ లెక్క చూసి మా పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. వేడిని లోపలే దాచుకునేలా కట్టిన ఇళ్లు అవి, ఒక్క సీలింగ్ ఫ్యాను లేదు, రాత్రి తొమ్మిదైనా వెలుగు పోదు. ఆ ఉక్క ఏమిటో మనకు తెలుసు, వాళ్లకు ఎలా తెలుస్తుంది? నువ్వూ నేనూ వంతులవారీగా ఫ్రిజ్ తలుపు తీసుకుని నిలబడితే మీ అమ్మగారు...

అదే, అత్తయ్య గురించే చెప్పాలి. ఆ ఎండను చూసి సంబరపడింది మన వీధి మొత్తంలో ఆవిడ ఒక్కరే. ఇన్నాళ్లకు ఎండ అనదగ్గ ఎండ వచ్చిందని తెల్ల దుప్పటి పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టారు. మన ఇద్దరినీ కాపలా కూర్చోబెట్టారు. కాకులు రాలేదు గానీ పక్కింటి ముసలాయన వచ్చి ఆ తెల్లటి బిళ్లలు ఏమిటని అడిగాడు. నువ్వు చెప్పిన జవాబు ఇక్కడ రాయను, ఎవరైనా చదివితే బాగుండదు.

నీళ్ల సంగతి సరే. నాన్న టాయిలెట్ తొట్టిలో ఇటుక వేశారు. మనిద్దరికీ ఒకటే తొట్టి స్నానం, ఆ నీళ్లే మళ్లీ పుదీనాకూ టమాటాలకూ. బకెట్ల లెక్క నీది. ఎవరు ఒక చెంబు ఎక్కువ వాడినా నోటు పుస్తకంలో రాసేవాడివి. స్కెగ్‌నెస్ సముద్రం దగ్గర అక్షింతల పురుగులు మన ఐస్‌క్రీముల నిండా వాలితే నువ్వు వాటినీ లెక్కపెడదామన్నావు.

ఇక ఆ ఆదివారం. ఓవల్‌లో వెస్టిండీస్‌తో టెస్టు. శుక్రవారం నాడే రిచర్డ్స్ 291 కొట్టి వెళ్లాడు, నాన్నా మావయ్యా రేడియో వదిలితే ఒట్టు. ఆదివారం విశ్రాంతి దినం కాబట్టి గానీ లేకపోతే ఇద్దరూ కారు తీసేవారా? లేడీబవర్ జలాశయం అడుగంటి డర్వెంట్ ఊరు బయటపడిందని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. అందరం ఒక్క కారులో కుక్కుకుని, పులిహోర డబ్బాతో బయలుదేరాం. ఆషాప్టన్ వంతెన దగ్గర దిగి గట్టు వెంబడి నడిచాం.

నీకు ఎంత గుర్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ బురద కళ్లకు కట్టినట్టుంది. ఎండి, పలకలు పలకలుగా విచ్చుకుని, పగుళ్లలోకి మన చేయి మోచేతి దాకా దిగేది. దాని మధ్యలో మొండిగోడలు, రాళ్ల గుట్టలు, గేటు స్తంభాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ముంచేసిన ఊరు. చర్చి శిఖరం మాత్రం నీళ్ల మీదికి కనబడుతూ ఉండేదట, 1947లో దాన్నీ పేల్చేశారు. మనం చర్చి గంట దొరుకుతుందని కర్రలతో తవ్వాం!

అక్కడ ఒక పెద్దావిడ ఉంది చూడు, నీలం గౌను, చేతికర్ర. ఒక గోడ పక్కన నిలబడి మనవరాలికి చూపిస్తోంది: ఇది వంటిల్లు, ఇక్కడ మెట్లు, ఈ మూల కోళ్లు. అత్తయ్య ఆవిడ దగ్గరికి వెళ్లారు. తన ఇంగ్లీషు చాలదని నిన్ను పిలిచారు. "మీరు ఊరు వదిలిన రోజున ఇంటికి తాళం వేశారా అని అడుగు" అన్నారు. నువ్వు అడిగావు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, లేదు, గడప మాత్రం కడిగి వచ్చామని చెప్పింది.

అప్పుడు అత్తయ్య మన తాగే నీళ్ల సీసా తీసి, మూత విప్పి, ఆ గడప రాయి మీద సగం పోసేశారు. రాయి మీది దుమ్ము తడిసి నల్లబడింది, చూస్తూ ఉండగానే ఆరిపోయింది. "అమ్మా, నీళ్లు!" అని నువ్వు పెట్టిన కేకకు అందరూ తిరిగి చూశారు. ఆ తర్వాత పది రోజులు తిరగకుండానే డెనిస్ హవెల్‌ను ప్రభుత్వం కరువు మంత్రిని చేసింది. మా ఇంట్లో ముందునుంచే ఒకడున్నాడని నాన్న నీకు ఆ పేరు ఖాయం చేశారు. హవెల్ కుర్చీలో సర్దుకోకముందే వానలు మొదలయ్యాయి, నువ్వు నోటు పుస్తకం పట్టుకుని ఏడ్చావు.

ఇన్నేళ్లూ మనం ఆ కేక చెప్పుకునే నవ్వుకున్నాం. ఆ నీళ్లు ఎందుకు పోశారో అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు, చిన్నపిల్లలం.

మొన్న నేను సంగమేశ్వరం వెళ్లాను. శ్రీశైలం నీళ్లు దిగితే వేసవిలో ఆ గుడి బయటపడుతుంది కదా. దర్శనం చేసుకుని గట్టు మీద ఒక గొర్రెల కాపరితో మాట్లాడుతుంటే, ఆ చుట్టుపక్కల ముంపు ఊళ్ల పేర్లు వరుసగా చెప్పాడు. అందులో మీ అమ్మమ్మగారి ఊరు ఉంది. తీసుకెళ్లి చూపించాడు. అదే బురద. అవే పగుళ్లు. ఇళ్ల పునాదులు, ఒక విరిగిన రోలు, ఒక గడప రాయి. 1981లో మునిగిందట.

రాత్రి ఇంటికొచ్చి అమ్మను అడిగాను. 1976 ఎండాకాలంలోనే అత్తయ్యకు వాళ్ల అన్నయ్య దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందట, అధికారులు వచ్చి ఇళ్లు కొలుచుకుని వెళ్లారని. ఆ ఉత్తరం చేతి సంచిలో పెట్టుకునే ఆవిడ లేడీబవర్‌కు వచ్చారు. మన ఎవరికీ చెప్పలేదు. మావయ్యకైనా చెప్పారో లేదో. తన ఊరు ఇంకా మునగలేదు, ఆ రోజుకు అందులో పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి, కానీ ఆవిడ అప్పటికే...

నాకు రాయడం రావడం లేదురా.

ఫోటోలు తీశాను. ఆ గడప వాళ్లదో కాదో కాపరికి తెలియదు. లీడ్స్‌లో అత్తయ్యకు ఇవి చూపించాలా వద్దా అన్నది నువ్వే తేల్చాలి, రోజూ ఆవిడను చూస్తున్నవాడివి నువ్వు. నాకైతే చూపించాలనే ఉంది. ఆ మేనమామ పిల్లలు ఇప్పుడు ఆత్మకూరులో ఉన్నారని అమ్మ అంటోంది, వాళ్లను కలిస్తే మీ ఇల్లు ఏ వైపు ఉండేదో తెలుస్తుంది. నీళ్లు మళ్లీ పెరగకముందే వెళ్లాలి, వానలు పడితే ఈ ఏటికి అయిపోయినట్టే, కాబట్టి నీ జవాబు

టపా మనిషి వచ్చేశాడు. వెంటనే రాయి.

నీ
బకెట్ నంబర్ రెండు