23 జాకెట్లు వెనక్కి తీసుకుంటున్నాము

మా దుకాణంలో వేక్‌బోర్డింగ్ (కాళ్ళకు బోర్డు బిగించుకుని, పడవో కేబులో తాడుతో లాగుతుంటే నీటి మీద జారే ఆట) సామాను కొన్నవారికీ, అద్దెకు తీసుకునేవారికీ నమస్కారం. ఈ ఏడాది ఏప్రిల్, జూలై నెలల మధ్య మా దగ్గర నలుపు, నారింజ రంగుల జాకెట్ కొన్నవారు దయచేసి దానిని వేసుకుని నీళ్ళలోకి దిగకండి. మనిషిని నీటిపై తేల్చే జాకెట్ అని చెప్పి దానిని మీకు అమ్మాము, కాని అది మేము చెప్పినంత తేల్చదు. అటువంటివి మొత్తం 23 అమ్మాము, మరో ఎనిమిది అద్దెకు తిప్పాము. అద్దెవాటిని ఇప్పటికే పక్కన పడేశాము. అమ్మినవాటిని పూర్తి ధరకు, అంటే 4,200 రూపాయలకు, వెనక్కి తీసుకుంటున్నాము. బిల్లు పోగొట్టుకున్నా పరవాలేదు, ఆ జాకెట్‌ను నేనిప్పుడు వీధి చివరి నుంచే గుర్తుపడతాను.

ఈ సంగతి నా తెలివివల్ల బయటపడలేదని ముందే ఒప్పుకుంటున్నాను. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడిపే మా పాత ఖాతాదారు ఒకరు, పాతికేళ్ళ కొడుకు కోసం కొన్న జాకెట్‌ను చేత్తో పట్టుకుని వచ్చి, "వాడు నీళ్ళలో కదలకుండా ఉంటే గడ్డం దాకా మునిగిపోతున్నాడండీ, ఇది 50 న్యూటన్ల జాకెట్ ఎలా అవుతుంది?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. పదకొండేళ్ళుగా ఇదే వ్యాపారంలో ఉన్నవాడిని కదా అన్న పొగరు కూడా అందులో ఉన్నదని ఇప్పుడు అనిపిస్తున్నది. లోపలి లేబుల్ తిప్పి చూపించి, మర్యాదగానే అయినా, ఆయనను పంపించేశాను. రాత్రి షట్టరు దించాక మాత్రం మనసు ఊరుకోలేదు.

దుకాణం వెనుక నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ము ఒకటి ఉంది. ఎదురుగా ఉల్లిగడ్డల బండి పెట్టుకునే ఆయన దగ్గర ఐదు కిలోల ఇనుప తూనికరాయి అడిగి తెచ్చాను. జాకెట్ మీద 50 న్యూటన్లు అని ఉంటే, అది నీటిలో సుమారు ఐదు కిలోల బరువును పైకి పట్టి ఉంచగలదని అర్థం. ఇనుము నీటిలో మునిగినప్పుడు తన బరువులో కొంత కోల్పోతుంది కనుక, బండి మీద ఐదు కిలోలు తూగే రాయి డ్రమ్ములో నాలుగుంబావు కిలోలకు కాస్త అటూ ఇటూగానే తూగుతుంది. అంటే నిజమైన 50 న్యూటన్ల జాకెట్‌కు అదొక లెక్క కాదు. జాకెట్‌ను పది నిమిషాలు నానబెట్టి, మడతల్లోని గాలి పోయేలా పిండి, రాయిని నైలాన్ తాడుతో కట్టి వదిలాను. అది ఒక్క క్షణం ఆలోచించినట్లు ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది, రాయి డ్రమ్ము అడుగున ఠంగుమన్నది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. రెండేళ్ళ క్రితం వేరే చోట కొన్న పాత జాకెట్ ఒకటి మూలన దుమ్ము పట్టి ఉంటే దానికీ అదే రాయి కట్టాను. అది భుజాలు నీటి పైన పెట్టుకుని తేలుతూ నన్ను చూసింది.

అప్పుడు ట్యూబ్‌లైట్ కింద లేబుల్‌ను మళ్ళీ చూశాను. జాకెట్ కుట్లన్నీ నల్లదారంతో ఉన్నాయి, లేబుల్ ఒక్కటే తెల్లదారంతో ఉంది. దాని అంచు పక్కనే దారం లేని సూది రంధ్రాల వరుస ఒకటి కనిపించింది. అంటే అంతకుముందు అక్కడ మరో లేబుల్ ఉండేది, దానిని విప్పేసి ఐఎస్‌ఓ 12402-5, అంటే 50 న్యూటన్ల తేలే జాకెట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, అని ముద్రించిన లేబుల్‌ను కుట్టారు.

సరుకు పంపిన డీలరుకు ఫోను చేస్తే మొదట ఎత్తలేదు, తరువాత ఎత్తి, "ఇంపాక్ట్ వెస్టే కదా సార్, పెద్ద పెద్ద రైడర్లంతా అవే వేసుకుంటారు" అన్నాడు. ఇందులో సగం నిజం ఉండటమే నన్ను ఎక్కువ బాధించింది. ఇంపాక్ట్ వెస్ట్ చెడ్డ వస్తువేమీ కాదు. పక్కటెముకలకు దెబ్బ తగలకుండా, గాలిలో ఒళ్ళు తిప్పడానికి అడ్డం రాకుండా పలుచగా తయారుచేస్తారు, చేయి తిరిగిన రైడర్లు దానినే ఇష్టపడతారు. అయితే చాలా ఇంపాక్ట్ వెస్టులకు తేలే శక్తి గురించిన ధ్రువీకరణ ఏదీ ఉండదు, అవి దెబ్బకు కాచుకోవడానికే గాని మనిషిని తేల్చడానికి కావు. ఆ మాటకు వస్తే 50 న్యూటన్ల జాకెట్ కూడా ఈత వచ్చి, సాయం దగ్గరలో ఉన్నవారికోసమే. స్పృహ తప్పినవారి ముఖాన్ని అది నీటిపైకి తిప్పుతుందని ఎవరూ అనుకోకూడదు. దానికన్నా తక్కువదానికి దాని పేరు పెట్టి, మొదటిసారి నీళ్ళలోకి దిగేవారికి నా చేత అమ్మించారు.

తరువాతి మూడు రాత్రులు నేను సరిగా నిద్రపోలేదు. మా దగ్గరకు వచ్చే కొత్తవారిలో ఎక్కువమంది కేబుల్ మీదే, అంటే పడవకు బదులు నీటిపైన ఎత్తులో కట్టిన తీగ లాగే చోట, నేర్చుకుంటున్నారు, అక్కడి నిర్వాహకులు తమ జాకెట్లే ఇస్తారు, కాబట్టి అద్దెవాటిని చప్పుడు చేయకుండా మార్చేసి, అడిగినవారికి మాత్రం డబ్బులిస్తే సరిపోతుందని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడుతున్నాను గాని, రాలేదని చెప్పను. లెక్కలు చూసే మా ఆవిడ ఒక కాగితం మీద 96,600 అని రాసి, కింద గీత గీసి, నా కంచం పక్కన పెట్టి వెళ్ళింది. ఇవ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నా మనసు మార్చినది ఒకే ఒక్క విషయం. కొన్నవారిలో కనీసం నలుగురు పడవ వెనుక ఆడేవారు ఉన్నారు. పడవ వెనుక పడినవారు, పడవ చుట్టు తిరిగి వచ్చేదాకా కాళ్ళకు బోర్డు బిగించుకుని లోతైన నీళ్ళలో వేచి ఉండాలి. ఆ కాసేపు వారిని పట్టి ఉంచేది ఆ జాకెట్ ఒక్కటే.

మా వాట్సాప్ గుంపులో ఒక తమ్ముడు, "అన్నా, లేబుల్ చూడకుండనే అమ్మినవా?" అని పెట్టాడు. చూశాను తమ్ముడూ, చూసే అమ్మాను, నా బాధ అదే. ఆ మాటకు ముప్పైమంది నవ్వు బొమ్మలు పెట్టారు, అవి ఎవరెవరు పెట్టారో నాకు గుర్తున్నది. అయినా వారి డబ్బులు కూడా వారికి ఇస్తాను.

ఇకపై వచ్చే ప్రతి పెట్టెలో నుంచి మీ ఎదుటే ఒక పెద్ద సైజు జాకెట్ తీసి డ్రమ్ములో వేస్తాము. డ్రమ్మును ఇప్పటికే దుకాణం ముందుకు జరిపాము, ఐదు కిలోల రాయి సొంతానికి కొన్నాము. ఇది ప్రయోగశాల పరీక్ష కాదని నాకు తెలుసు, కాని అబద్ధాన్ని పట్టుకోవడానికి ఇది చాలునని మొన్న తేలింది.

ఇంకొక మార్పు కూడా ఉంది. కొత్తవారికి బోర్డు, బూట్లు, జాకెట్, హెల్మెట్, తాడు అన్నీ కలిపి అమ్మే "ఫుల్ సెట్" పథకాన్ని ఆపేశాము. దానిలో మాకు లాభం బాగానే ఉండేది. కాని మొదటి రోజే అన్నీ కొనేవారు చూసేది రంగు, బేరం, అంతే. మొదట జాకెట్, నీటి ఆటలకోసమే తయారైన హెల్మెట్ కొనండి. సైకిల్ హెల్మెట్ తెచ్చి ఇది చాలదా అని అడిగితే, చాలదనే చెబుతాను. బోర్డును కనీసం ఐదారుసార్లు అద్దెకు తీసుకున్నాకే కొనండి.

బోర్డు పొడవును మీ ఎత్తును బట్టి కాదు, బరువును బట్టి ఎంచుకోవాలి. 70 కిలోల మనిషికి సాధారణంగా 135 నుంచి 140 సెంటీమీటర్ల మధ్యది సరిపోతుంది. నేర్చుకునేవారు తమ బరువుకు తయారీదారు చెప్పిన కొలతల్లో పెద్దదానివైపే మొగ్గాలి, ఎందుకంటే పొడవైన బోర్డు నీటి మీదికి తొందరగా లేస్తుంది, నిలకడగా ఉంటుంది. బోర్డు కింది వంపును రాకర్ అంటారు. ఒకే విల్లులా వంగినది నీటిని సాఫీగా జారనిస్తుంది, ఎటు పోతుందో ముందే తెలుస్తుంది. మూడు భాగాలుగా విరిగినట్లు వంగినది పడవ వెనుక లేచే అలమీద నుంచి ఎత్తుగా ఎగరేస్తుంది గాని వేగాన్ని తినేస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళను పరీక్షిస్తుంది. అలను ఒక పక్క నుంచి మరో పక్కకు పడిపోకుండా దూకగలిగినప్పుడు రండి, అప్పుడు దాని గురించి మాట్లాడుకుందాము. అంతకుముందు దానిని అమ్మమని ఒత్తిడి చేసినా నేను అమ్మను, కావాలంటే పక్క దుకాణానికి వెళ్ళవచ్చు.

కేబుల్ మీద ఆడేవారు, ముఖ్యంగా నీటిలో పెట్టిన ర్యాంపులు, పట్టాల మీదికి ఎక్కాలనుకునేవారు, అడుగు గట్టిగా ఉన్న కేబుల్ బోర్డే కొనండి. కేబుల్ తాడు పైనుంచి లాగుతుంది కాబట్టి ఫిన్లు (బోర్డు అడుగున ఉండే చిన్న రెక్కలు) లేకపోయినా నడుస్తుంది. పడవ బోర్డును పట్టాల మీద రుద్దితే మొదటి నెలలోనే అడుగు గీరుకుపోతుంది.

బూట్లలో వేళ్ళ దగ్గర తెరచి ఉన్నవి రెండు మూడు సైజుల పాదాలకు సర్దుకుంటాయి, ఇంట్లో అన్నదమ్ములు పంచుకోవచ్చు. మూసినవి బిగువుగా ఉండి బోర్డును చెప్పినట్లు తిప్పనిస్తాయి, కాని ఒకరివే. ఏది కొన్నా సబ్బు నీళ్ళు రాసి పాదం దూర్చి, మోకాళ్ళు వంచి చూడండి, మడమ పైకి లేస్తే అది మీది కాదు. మరొక మాట, మే నెల ఎండలో కారు డిక్కీలో బోర్డు, బూట్లు వదిలేయకండి. జిగురు ఊడి అడుగు నురగ విడిపోయిన బూట్లు గత వేసవిలో మా దగ్గరకు నాలుగు జతలు వచ్చాయి, అన్నీ డిక్కీ బాపతే.

ఆ డీలరుకు మేము ఇంకా ఇవ్వవలసిన సగం సొమ్ము ఉంది. ఇవ్వను. అతడు పెట్టే కొత్త సరుకు ఎంత చవకైనా తీసుకోను. కొత్త జాకెట్లు మరోచోట నుంచి వస్తున్నాయి, ధర 5,100 దాకా పడుతుంది, తగ్గించమని అడగవద్దని మనవి. అవి వచ్చేవరకు మా దగ్గరున్న ఆరు పాత జాకెట్లు, రాయితో పరీక్షించినవి, నలుపు, నారింజ జాకెట్ తిరిగి ఇచ్చినవారికి ఉచితంగా ఇస్తాము. మంగళవారం తప్ప ఏ రోజైనా ఉదయం పదకొండు తరువాత రావచ్చు. గడ్డం దాకా మునుగుతున్నాడని చెప్పిన పెద్దమనిషి ఇంటికి మాత్రం నేనే వెళ్ళి డబ్బులిచ్చి వచ్చాను. ఆయన కాఫీ ఇచ్చారు, ఆ విషయం ఎత్తలేదు.