ఆ కుర్రవాడి మోకాళ్ళు చూశావా, తల్లీ?

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు నడుము నొప్పి కొంత తగ్గింది. పెరట్లో పనస బాగా కాసింది. గుణుపురం అత్తయ్య వచ్చి రెండు కాయలు పట్టుకువెళ్ళింది. నీ సంగతి చెప్పింది కూడా ఆవిడే. ఇరవై రోజులుగా నీ ఫోను లేకపోతే పని ఒత్తిడి అనుకున్నాం. రాయగడ కొండల వైపు నుంచి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రవాడిని మీ చెన్నై బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకోకపోతే ఉద్యోగం మానేస్తానని పైవాళ్ళతో అన్నావట. నిజమో కాదో నువ్వే వ్రాయాలి.

నిన్ను నిలదీయడానికి కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు ఈల మెడలో వేసుకుని తిరిగినవాడిని కనుక ఆ పిల్లవాడి గురించి వినగానే ఊరుకోలేకపోయాను. ఆరడుగుల ఎనిమిదంగుళాలని అత్తయ్య అంది. చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నువ్వే కొలిచావా? నిలబడి చెయ్యెత్తితే ఎంత అందుతుందో చూశావా? రింగు పదడుగుల ఎత్తున ఉంటుంది; అక్కడిదాకా వెళ్ళేది చెయ్యి గాని నడినెత్తి కాదు. పంజాబు కుర్రవాడు సత్నామ్ సింగ్ ఏడడుగులు దాటినవాడు. 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్ళ ఎంపికలో డల్లాస్ జట్టు అతణ్ణి 52వ స్థానంలో ఎంచుకున్నప్పుడు, ఎన్‌బీఏకు ఎంపికైన తొలి భారతీయుడని మన వీధిలో మిఠాయి పంచినది నువ్వే. ఆ లీగులో అతను ఒక్క మ్యాచి కూడా ఆడలేకపోయాడు. అతణ్ణి తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఎత్తు తలుపు తెరిపిస్తుంది, లోపల కూర్చోబెట్టదు.

నువ్వు వెంటనే హకీమ్ ఒలాజువాన్ పేరు చెబుతావని నాకు తెలుసు. పదిహేనేళ్ళ దాకా బాస్కెట్‌బాల్ ముట్టుకోని నైజీరియా కుర్రవాడు 1984లో అదే ఎంపికలో అందరికంటే ముందు ఎంపికయ్యాడు, నిజమే. అయితే అతను వట్టి చేతులతో రాలేదు. హ్యాండ్‌బాల్ ఆడాడు, ఫుట్‌బాల్‌లో గోలు కాశాడు. ఆ పాదాల పని ముందే నేర్చుకుని వచ్చాడు. యానిస్ అంతెతోకుంపో గ్రీసులో రెండో శ్రేణి లీగు ఆడుతుండగా 2013లో 15వ స్థానంలో మిల్వాకీ జట్టు తీసుకుంది. వాళ్ళు ఓర్చుకున్నారు, అతను 2021లో వాళ్ళకు టైటిల్ తెచ్చిపెట్టాడు. నీ కుర్రవాడు కొండల్లో ఏ ఆట ఆడి వచ్చాడు? వాలీబాల్ ఆడి ఉంటే గెంతి దిగడం తెలుస్తుంది. ఏదీ ఆడకపోతే పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టాలి, దానికి రెండేళ్ళయినా పడుతుంది. అన్నాళ్ళు మీవాళ్ళు ఆగుతారా?

కాన్వాసు బూట్ల అబ్బాయి నీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి నువ్వు మరీ చిన్నదానివి. చిన్న రైలు నడిచే రోజుల్లో గుణుపురం వైపు నుంచి ఆ బండిలోనే వచ్చేవాడు. పదహారేళ్ళకే నాకంటే జానెడు పొడుగు. అతని పాదానికి సరిపడే బూట్లు ఇక్కడ దొరక్క, నేనే బ్లేడుతో వాటి ముందు భాగం కోసి ఇచ్చాను. వేళ్ళు బయటికి పెట్టుకునే పరుగెత్తేవాడు. మీ అమ్మ రోజూ అంబలి పోసేది. రెండో వేసవికల్లా బోర్డుకు తగిలి వచ్చిన బంతిని అందరి తలల మీదుగా ఒంటి చేత్తో లాక్కునేవాడు. నాకు గర్వం పట్టశక్యం కాలేదు. హెడ్మాస్టరు మొదలు బజారులో కిరాణా కొట్టతని దాకా, వీడు రాష్ట్రానికి ఆడకపోతే నా పేరు మార్చుకుంటానని అందరికీ చెప్పాను. మోకాలి చిప్ప కింద అతనికి గట్టిగా వాచింది. ఎదిగే వయసులో గెంతే పిల్లలకు అక్కడి ఎముక అలా నొప్పి పెడుతుందని, విశ్రాంతి ఇవ్వాలని ఇప్పుడు నాకు తెలుసు. ఒక్కసారే చెప్పాడు. సోమరితనమనుకుని కసిరాను. మళ్ళీ చెప్పలేదు. మాస్టారి మాట పోతుందని నొప్పి దాచుకుని, ఆ గట్టినేల మీద మరో ఏడాది గెంతాడు. ఒక జట్టు తీసుకుని, ఎనిమిది నెలలకే పంపేసింది. నేను స్టేషనుకు వెళ్ళాను. రైలు పెట్టె లోంచి ఒక కాలు దింపి, కమ్మీ పట్టుకుని, రెండో కాలు దాని పక్కన పెట్టడానికి అతనికి పట్టిన సేపు నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది. పదో తరగతి పరీక్ష కూడా వ్రాయనివ్వలేదు నేను.

అందుకే అడుగుతున్నాను. నీ ఉద్యోగం పణంగా పెట్టావన్న మాట ఆ కుర్రవాడి చెవిన పడిందా? పడితే, బంతి చేజారిన ప్రతిసారీ అతను రింగు వైపు కాక నీ వైపు చూస్తాడు. పచ్చి పిల్లవాడికి తప్పులు చేసే స్వేచ్ఛ ఉండాలి. ఆ మాట వెనక్కి తీసుకో. అతని కోసమే తీసుకో, నీ పరువేమీ పోదు.

సంతకానికి ముందు ఒక వారం ఊరికే గమనించు. పివట్ చేయడం, అంటే ఒక పాదం నేలకు ఆనించి దాని మీదే తిరగడం, ఒక్కసారి చూపించి వదిలెయ్యి, నాలుగు రోజుల తరువాత అడుగు. తన చేతిలోని బంతి ఎదుటివాడు లాక్కుంటే తల దించుకుంటాడో, వెనక్కి పరుగెత్తుతాడో చూడు. నేనైతే సగం అక్కడే తేల్చుకుంటాను. గీత దగ్గర నిలబెట్టి, ఎవరూ అడ్డు లేకుండా ఫ్రీత్రోలు వేయించు. పడకపోయినా ఫరవాలేదు, మణికట్టు మెత్తగా వంగుతోందా లేదా అన్నదే చూడు. మణికట్టు ఎక్స్‌రే తీయిస్తే ఎముక వయసు, ఇంకా ఎదుగుతాడా లేదా కొంత తెలుస్తుంది. మోకాళ్ళు మాత్రం డాక్టరు చేత్తో నొక్కి చూడాలి. కాంట్రాక్టులో చదువు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు స్పష్టంగా వ్రాయించు. వాళ్ళ నాన్నకు దాన్ని ఒడియాలో కాదు, ఇంట్లో మాట్లాడే కువిలో ఎవరైనా చదివి చెప్పాలి. చెన్నైలో ఆ పిల్లవాడు ఎవరితో మాట్లాడుతున్నాడు, తల్లీ? రాత్రి అన్నం సరిపోతోందా?

నువ్వూ వేళకు తిను. ఎండలో టోపీ పెట్టుకో, నీకు తలనొప్పి వస్తే రెండు రోజులు వదలదు. కందిపొడి, చింతకాయ పచ్చడి చిన్నమామయ్య చేత పంపుతున్నాం. పచ్చడి సీసా నిటారుగా పెట్టు. ఆ కుర్రవాడి రెండు పాదాలూ కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి నాకు పంపించు. విశాఖపట్నంలో పెద్ద సైజు బూట్లు దొరుకుతాయని మామయ్య అన్నాడు, నేనే వెళ్ళి కొంటాను. గీసేటప్పుడు నిలబెట్టి గీయి. కూర్చుంటే కొలత తగ్గుతుంది.

ఇట్లు,
నాన్న