ఫ్రీజ్ డ్రయ్యర్ కొనేముందు

ఎడిటర్ గారికి నమస్కారం. ఇంట్లో ఫ్రీజ్ డ్రయ్యర్ ఉంటే ఏ తిండైనా పాతికేళ్లు నిల్వ ఉంటుందని ఈమధ్య తెగ ఊదరగొడుతున్నారు. అందులో సగమే నమ్మాలి.

ఈ మెషీన్ పదార్థాన్ని ముందు గడ్డకట్టించి, తర్వాత గాలి లాగేసి కొద్దిగా వేడి ఇస్తుంది, దాంతో మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. అందుకే స్ట్రాబెర్రీ ముక్క ముడుచుకుపోదు, రంగూ ఆకారం దాదాపు అలాగే ఉంటాయి, వేళ్ల మధ్య నలిపితే మాత్రం పొడిపొడి అవుతుంది. బాగానే ఉంది. కానీ ఒక్క విడతకే 20 నుంచి 40 గంటలు పట్టొచ్చు, అంతసేపూ పంపు రొద, కరెంటు బిల్లు సరేసరి. వెన్న లాంటివి పెట్టి లాభం లేదు, కొవ్వు ఆరదు.

అసలు టెన్షన్ వేరే ఉంది. ఇది సూక్ష్మక్రిములన్నిటినీ చంపదు, చాలావాటిని నిద్రపుచ్చుతుందంతే. పచ్చి మాంసం ఎండినా పచ్చి మాంసమే, తడి తగిలితే క్రిములు మళ్లీ లేస్తాయి, కాబట్టి వండాల్సిందే. లావుపాటి ముక్కను మధ్యకు విరిచి చూడండి, చల్లగానో మెత్తగానో తగిలితే ఇంకొన్ని గంటలు నడపాలి. తీసిన వెంటనే గాలి చొరని సంచిలో ఆక్సిజన్ పీల్చే పొట్లం వేసి సీల్ చేయాలి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. అమ్మేవాళ్లు ఈ సంగతులు కూడా ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేయొచ్చు కదా!

– ఒక పాఠకుడు